పిల్లల కవాతు మళ్లీ ఎప్పుడు? నిర్ణయానికి ఎనిమిది మెట్లు

సికింద్రాబాద్ పిల్లలకు కవాతు కొత్త కాదు. 1806లో మూడో నిజాం సికందర్ జా పేరు మీద ఈ ఊరు వెలిసిందే ఇంగ్లీషు పటాలాల విడిదిగా. ఇక్కడి రెజిమెంటల్ బజార్ పేట పేరు ఆ రోజుల్లోంచి వచ్చిందే. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండింటికీ కలిపి ఎన్‌సీసీ డైరెక్టరేట్ ఉన్నదీ ఈ ఊళ్లోనే. రెజిమెంటల్ బజార్ సందుల్లో పెరిగే పిల్లలకు పరేడ్ గ్రౌండ్ దగ్గరే. పరేడ్ ఉన్న రోజు తెల్లవారకముందే లేచి, ఖాకీ బట్టలు వేసుకుని, బూట్లకు మరోసారి పాలిష్ రుద్ది పరుగెత్తే పిల్లలున్న ఇళ్లు ఇక్కడ చాలానే ఉన్నాయి.

2020 మార్చి 2న తెలంగాణలో తొలి కొవిడ్ కేసు బయటపడింది. ఆ రోగికి చికిత్స జరిగింది మన గాంధీ ఆసుపత్రిలో. మార్చి మధ్యకల్లా బడులు మూతపడ్డాయి. ఆ తర్వాత దాదాపు రెండేళ్లపాటు పీఈటీ సార్లను, ఎన్‌సీసీ అధికారులను, స్కౌట్ మాస్టర్లను పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే: "సార్, పరేడ్ మళ్లీ ఎప్పుడు?"

దానికి ఒక తేదీ చెప్పేసి తప్పించుకోకూడదు. తేదీ చెబితే పిల్లలు దానికోసం ఎదురుచూస్తారు. జబ్బుకు మన క్యాలెండర్‌తో పని లేదు. చెప్పాల్సింది షరతులు. ఏవేవి కుదిరితే మైదానంలోకి దిగుతామో, ఏది తప్పితే వెనక్కి వస్తామో ముందే రాసుకోవాలి. మొదలుపెట్టే నిర్ణయాన్నీ ఆపే నిర్ణయాన్నీ ఒకే రోజు, ఒకే కాగితం మీద రాయాలన్నదే ఈ కథనం చెప్పదలచుకున్న మాట. ఆ కాగితం తయారు చేసే పద్ధతి ఇది. కొవిడ్ నేర్పిన పాఠాల మీద కట్టినదే అయినా, గాలి ద్వారా పాకే ఏ జబ్బుకైనా అంకెలు మార్చుకుని వాడుకోవచ్చు.

ముందుగా సిద్ధం చేసుకోవాల్సినవి

ఒక గట్టి అట్ట నోటుబుక్కు, కొలిచే టేపు, సున్నం, పిల్లల జాబితా. వీటికంటే ముందు ఒక చిన్న కమిటీ: హెడ్మాస్టర్, డ్రిల్ నేర్పే సార్ లేదా టీచర్, దగ్గర్లోని ఒక డాక్టర్, ఇద్దరు తల్లిదండ్రులు, ఒక సీనియర్ క్యాడెట్. ఒక్కరే నిర్ణయిస్తే ఆ ఒక్కరి మీదే ఒత్తిడి పడుతుంది. జనవరి 26 దగ్గర పడుతుంటే, పోటీలు ముందుంటే, ఒంటరి మనిషి ఆ ఒత్తిడికి తలొగ్గే ప్రమాదం ఎక్కువ. కమిటీలో డాక్టర్ మాటకు వీటో ఉండాలి. ఆరోగ్య కారణంతో ఆయన వద్దంటే ఆ వారం పరేడ్ లేదు, చర్చా లేదు.

మొదటి మెట్టు: ప్రభుత్వం తలుపు తీసిందా?

అన్నిటికంటే ముందు చూడాల్సింది ఉత్తర్వు. తెలంగాణలో తొమ్మిదో తరగతి, ఆపై పిల్లలకు బడులు తెరిచింది 2021 ఫిబ్రవరి 1న. ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఫిబ్రవరి 24న. రెండో దశ రావడంతో మార్చి 24 నుంచి మళ్లీ మూసేశారు. మే 12న లాక్‌డౌన్ పెట్టి జూన్‌లో ఎత్తేశారు. సెప్టెంబర్ 1న బడులు మళ్లీ మొదలయ్యాయి. 2022 జనవరిలో ఒమిక్రాన్‌తో సంక్రాంతి సెలవులు నెలాఖరుదాకా సాగి, ఫిబ్రవరి 1న పిల్లలు మళ్లీ తరగతుల్లోకి వచ్చారు.

ఈ తేదీలను నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకోండి. తెరవడం, మూయడం ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. 2021 ఫిబ్రవరి నుంచి తొమ్మిదో తరగతి పిల్లలకు దొరికింది సుమారు ఏడు వారాలే. ఎనిమిది వారాల శిక్షణ వేసుకున్న సారు చివరి వారం చూడలేదు. అందుకే ఏ వారంలో ఆపాల్సి వచ్చినా అప్పటిదాకా నేర్చుకున్నది చెక్కుచెదరకుండా నిలిచేలా పాఠం వేసుకోవాలి.

ఉత్తర్వు వచ్చిందంటే వీలుందని అర్థం, తప్పనిసరని కాదు. బడి తెరిచినా పరేడ్ ఆలస్యంగా మొదలుపెట్టవచ్చు. పరేడ్‌లో పిల్లలు పక్కపక్కన నిలబడతారు, రొప్పుతారు, అరుస్తారు. తరగతి గదికి సరిపోయిన జాగ్రత్త డ్రిల్‌కు చాలదు.

రెండో మెట్టు: ఊళ్లో జబ్బు నడక

సడలింపులు ఇవ్వాలంటే పాజిటివిటీ, అంటే చేసిన పరీక్షల్లో పాజిటివ్ వచ్చిన శాతం, కనీసం 14 రోజులపాటు 5 శాతం లోపు ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మే నెలలో సూచించింది. మన కాగితం మీద కూడా అదే గీత పెట్టుకోవచ్చు.

లెక్క తేలికే. ఆరోగ్య శాఖ జబ్బు రోజుల్లో ఇచ్చే రోజువారీ బులెటిన్‌లోంచి పరీక్షల సంఖ్య, పాజిటివ్‌ల సంఖ్య తీసుకుని వారం మొత్తం కలపాలి. వారంలో 7,000 పరీక్షలు జరిగి 280 పాజిటివ్ వస్తే 4 శాతం. ఏ ఒక్కరోజు అంకెనూ నమ్మవద్దు. ఆదివారాలు, పండగలు వస్తే పరీక్షలు తగ్గుతాయి, సోమవారం అంకె ముద్దుగా కనిపిస్తుంది. వారం సగటు ఆ భ్రమను తొలగిస్తుంది. పరీక్షలే సగానికి పడిపోయిన వారాన్ని మాత్రం మంచి వారంగా లెక్కవేయకూడదు. చూడనిదానికీ లేనిదానికీ చాలా తేడా ఉంది.

14 రోజులు ఎందుకంటే, తొలినాటి కొవిడ్‌లో వైరస్ సోకాక లక్షణాలు బయటపడటానికి గరిష్ఠంగా అన్ని రోజులు పట్టవచ్చని తేల్చారు. ఒమిక్రాన్ వచ్చాక ఆ గడువు బాగా తగ్గింది. రేపు మరో జబ్బు వస్తే ముందుగా తెలుసుకోవాల్సింది ఆ గడువే. దాన్నిబట్టి ఎదురుచూడాల్సిన రోజులు మార్చుకోవాలి.

పరీక్షలకు దొరకని జబ్బును పట్టుకునే మార్గం మన నగరమే చూపింది. 2020 ఆగస్టులో సీసీఎంబీ, ఐఐసీటీ శాస్త్రవేత్తలు హైదరాబాద్ మురుగునీటిలో వైరస్ జాడను కొలిచి, అధికారిక లెక్కకు ఎన్నో రెట్లు, సుమారు 6.6 లక్షల మందికి అప్పటికే సోకి ఉంటుందని అంచనా వేశారు. ఇలాంటి నివేదిక వస్తే కమిటీ తప్పక చదవాలి. బులెటిన్‌లో అంకె తగ్గుతూ మురుగునీటిలో జాడ పెరుగుతుంటే, ఆగడమే మంచిది.

మూడో మెట్టు: ఇంటి లెక్క

రెజిమెంటల్ బజార్ లాంటి ఇరుకు పేటలో పిల్లవాడి ఆరోగ్యం ఒక్కటే చూస్తే సరిపోదు. రెండు గదుల ఇంట్లో నానమ్మ, తాతయ్య, చక్కెర జబ్బున్న నాన్న ఒకే గాలి పీలుస్తారు. పిల్లలకు కొవిడ్ సోకదన్న మాట నిజం కాలేదు. 2021 జూన్, జులైల్లో ఐసీఎంఆర్ చేసిన నాలుగో సర్వేలో 10 నుంచి 17 ఏళ్ల వారిలో నూటికి 60 మందికి పైగా యాంటీబాడీలు, అంటే అప్పటికే వైరస్ సోకిన గుర్తులు, కనిపించాయి. ఎక్కువమంది పిల్లలు తేలికగా బయటపడ్డారు. వాళ్ల నుంచి అంటుకున్న పెద్దలందరికీ ఆ అదృష్టం లేదు.

కాబట్టి ప్రతి పిల్లవాడికీ ఒక పేజీ. ఇంట్లో 60 దాటినవారు ఉన్నారా? షుగరు, ఆయాసం, గుండె జబ్బు, కిడ్నీ జబ్బు ఎవరికైనా ఉందా? పెద్దలు టీకా వేయించుకున్నారా? ఈ వివరాలు సారు, డాక్టరు మాత్రమే చూడాలి. తల్లిదండ్రుల రాతపూర్వక సమ్మతి లేనిదే ఎవరినీ పిలవకూడదు. 2020 అక్టోబర్‌లో కేంద్ర విద్యాశాఖ బడులకే ఈ షరతు పెట్టింది. పంపలేమన్న ఇంటిని రెండోసారి బతిమాలవద్దు.

టీకా వరుస కూడా ఈ పేజీలోదే. ముందు నేర్పేవారికి, తర్వాత ఇంట్లో పెద్దలకు, ఆపైన పిల్లలకు. మన దేశంలో 15 నుంచి 18 ఏళ్ల వారికి టీకా 2022 జనవరి 3న మొదలైంది. వాళ్లకు వేసిన కొవాగ్జిన్ తయారైంది హైదరాబాద్‌లోనే. 12 నుంచి 14 ఏళ్ల వారికి ఆ ఏడాది మార్చి 16న కార్బెవాక్స్ మొదలైంది, అదీ హైదరాబాద్ కంపెనీదే. ఎన్‌సీసీ జూనియర్ డివిజన్‌లో చాలామంది ఈ రెండో వయసు వారు. అంటే ఒకే దళంలో కొందరికి టీకా రక్షణ ఉండి, కొందరికి లేని నెలలు గడిచాయి. అలాంటప్పుడు పెద్దపిల్లలతో ముందు మొదలుపెట్టడం న్యాయం. ఎన్‌సీసీ కూడా 2020 ఏప్రిల్‌లో 'యోగ్‌దాన్' పేరుతో సహాయ పనులకు క్యాడెట్లను పంపినప్పుడు 18 ఏళ్లు నిండిన సీనియర్లలో ఇష్టపడి ముందుకొచ్చినవారినే తీసుకుంది.

నాలుగో మెట్టు: నేలను కొలవడం

హాల్లో డ్రిల్ వద్దు, ఎంత పెద్ద హాలైనా సరే. 2020 చివర్లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం నమోదైన వ్యాప్తిలో పదో వంతు కంటే తక్కువే ఆరుబయట జరిగింది. మైదానమే మన మొదటి మందు. బజారు రోడ్డు మీద, అపార్టుమెంటు సెల్లార్‌లో చేసేది మైదానం కిందకు రాదు.

ఇప్పుడు టేపు తీయండి. డ్రిల్‌లో ఒక కదం 30 అంగుళాలు. మామూలు వరుసలో పిల్లల మధ్య చెయ్యి చాచినంత దూరమే ఉంటుంది. ఆరడుగుల దూరం కావాలంటే రెండు కదాలు చాలవు, మూడు కావాలి. మూడు కదాలంటే ఏడున్నర అడుగులు. తొమ్మిది మంది ఒక వరుసలో నిలబడితే మధ్యలో ఎనిమిది ఖాళీలు, మొత్తం 60 అడుగులు. 27 మంది దళం మూడు వరుసల్లో నిలబడితే పొడవు 60 అడుగులు, వెడల్పు 15. మీ బడి ఆవరణలో ఇంత నేల, తిరగడానికి ఇంకొంత చోటు ఉన్నాయా? లేకపోతే దళాన్ని చిన్నది చేయాలి. దూరాన్ని మాత్రం తగ్గించకూడదు.

నిలబడినప్పటి దూరం నడిచేటప్పుడు చాలదు. తేజ్ చల్‌లో అంటే వేగపు నడకలో, నిమిషానికి 120 కదాలు వేస్తే పిల్లవాడు సెకనుకు ఐదడుగులు ముందుకు పోతాడు. ఏడున్నర అడుగుల ముందున్నవాడు వదిలిన ఊపిరిలోకి ఒకటిన్నర సెకనులో అడుగుపెడతాడు. గాలి చెదరగొట్టడానికి అంత సమయం సరిపోదు. అందుకే వెనుకవాడు ముందువాడి వీపు వెనుక ఉండకూడదు. ముందున్న ఇద్దరి మధ్య ఖాళీ అతని కళ్లకు ఎదురుగా కనిపించాలి. సున్నంతో చుక్కలు పెట్టేటప్పుడు రెండో వరుసను సగం ఖాళీ పక్కకు జరిపితే ఇది కుదురుతుంది. ఇంకా మంచిది, పొడవాటి వరుసగా కాకుండా భుజం పక్కన భుజంగా, వెడల్పుగా నడిపించడం. గాలి ఎటు వీస్తోందో చూసి, ఆ వరుస దానికి అడ్డంగా ఉండేలా నడిపిస్తే ఒకరి ఊపిరి పక్కవాడి ముఖం మీదికి అంతగా రాదు.

ఐదో మెట్టు: దళాన్ని విడగొట్టడం

2021 గణతంత్ర దినోత్సవానికి ఢిల్లీలో సైనిక దళాలనే కుదించారు. మామూలుగా 12 వరుసల్లో 144 మంది నడిచే చోట 96 మందితో సరిపెట్టారు. ఎర్రకోటదాకా సాగే కవాతును నేషనల్ స్టేడియం దగ్గరే ముగించారు. 15 ఏళ్ల లోపు పిల్లలను చూడటానికి కూడా అనుమతించలేదు. దేశపు అతి పెద్ద కవాతే తగ్గగలిగినప్పుడు, మన బడి దళం తగ్గితే చిన్నతనమేమీ లేదు.

తొమ్మిది మంది ఒక స్క్వాడ్. ఆ తొమ్మిది మంది ఎప్పుడూ వాళ్లే, వాళ్లు వచ్చే రోజు కూడా మారదు. శిక్షణ రోజుల్లో ఒక స్క్వాడ్ వెళ్లిపోయాకే మరో స్క్వాడ్ రావాలి. ఒక్కో స్క్వాడ్‌కు 40 నిమిషాలు చాలు. నీళ్ల సీసా ఎవరిది వారిదే. డ్రిల్ రైఫిల్, డ్రమ్ కర్రలు చేతులు మారకూడదు. థియరీ పాఠాల కోసం ఎన్‌సీసీ 2020 ఆగస్టు 27న మొబైల్ శిక్షణ యాప్ తెచ్చింది. ఫోనులో నేర్పగలిగినదంతా ఫోనులోనే నేర్పి, మైదానంలో గడిపే నిమిషాలను డ్రిల్‌కే ఉంచాలి.

నిలబడి వినేటప్పుడు, వచ్చేటప్పుడు, పోయేటప్పుడు మాస్కు ఉండాలి. గట్టిగా శ్రమించేటప్పుడు మాస్కు తడిసి ఊపిరికి అడ్డు పడుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అప్పుడు మాస్కు చేసే పని దూరం చేయాలి. నాలుగో మెట్టులో దూరం తగ్గించవద్దని పట్టుబట్టింది ఇందుకే.

ఆరో మెట్టు: గొంతు, బ్యాండు

2020 మార్చి 10న అమెరికాలోని స్కాజిట్ వ్యాలీలో ఒక గాయక బృందం హాల్లో రెండున్నర గంటలు సాధన చేసింది. వచ్చిన 61 మందిలో 53 మంది జబ్బుపడ్డారు, ఇద్దరు చనిపోయారు. పాడినా అరిచినా మామూలు మాట కంటే ఎన్నో రెట్లు తుంపరలు గాలిలో కలుస్తాయని అందరికీ తెలియజెప్పిన విషాదమది. అదే ఏడు అమెరికాలోని యువ కవాతు బ్యాండ్ల సంస్థ డ్రమ్ కోర్ ఇంటర్నేషనల్ తన వేసవి పర్యటననే రద్దు చేసుకుంది. ఆ తర్వాత కొలరాడో, మేరీలాండ్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు వాద్యాల నుంచి వచ్చే తుంపరలను కొలిచి, ఊదే వాద్యాల మూతికి గుడ్డ తొడగాలని, సాధనను అరగంటకు కుదించాలని సూచించారు.

మన దళానికి దీని అర్థం మూడు మాటలు. ఒకటి, కాషన్, అంటే డ్రిల్ ఆదేశం, ఒక్కరే ఇవ్వాలి, మైకులో ఇవ్వాలి. తొలి వారాల్లో పిల్లలు గొంతెత్తి లెక్క పెట్టడం, నినాదాలు ఇవ్వడం వద్దు. రెండు, విజిల్ కూడా ఊపిరే. దాని బదులు సైడ్ డ్రమ్ మీద ఒక దెబ్బతో థమ్, అంటే ఆగు అని చెప్పవచ్చు. మూడు, బ్యాండులో డ్రమ్ములు, తాళాలు ముందు రావాలి. బ్యూగిల్, ఫ్లూటు అన్నిటికంటే చివర రావాలి, వాటిని నోట పెట్టుకునే కొనను మరొకరు తాకకూడదు.

ఏడో మెట్టు: ఒళ్లు మళ్లీ అలవాటుపడటం

నెలల తరబడి ఫోను ముందు కూర్చున్న పిల్లలను మొదటిరోజే గంటసేపు నడిపిస్తే కళ్లు తిరిగి పడిపోతారు. మొదటి వారం సావధాన్, విశ్రామ్, నిలబడే తీరు. రెండో వారం దాహినే ముడ్, బాయే ముడ్, నిలిచినచోటే కదమ్‌తాల్. మూడో వారం తేజ్ చల్, థమ్. నాలుగో వారం మలుపులు, సెల్యూట్. ఆ తర్వాతే డ్రమ్ము. మొదటి మెట్టులో చెప్పినట్టు, ఏ వారంలో ఆపినా అప్పటిదాకా నేర్చుకున్నది దానికదే పూర్తిగా ఉంటుంది. ఎండాకాలమైతే ఉదయం ఏడున్నరలోపు ముగించాలి.

కొవిడ్ వచ్చి తగ్గిన పిల్లల సంగతి వేరు. జ్వరం తగ్గిన మర్నాడే దళంలోకి రానివ్వకూడదు. తేలికగా వచ్చి పోయినా లక్షణాలన్నీ పోయాక వారంరోజులపాటు నడక, మెల్లని పరుగు అంటూ కొద్దికొద్దిగా పెంచాలి. నాలుగు రోజులకు మించి జ్వరం ఉన్నా, ఆసుపత్రిలో చేరినా డాక్టర్ పరీక్షించి సరేనంటేనే మైదానం. నడిచేటప్పుడు ఛాతీలో నొప్పి, గుండె దడ, కళ్లు తిరగడం ఏది వచ్చినా ఆ క్షణమే ఆపి డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. గుండె కండరానికి వాపు అరుదుగానే వస్తుంది, వస్తే కవాతు దాన్ని ప్రాణం మీదికి తెస్తుంది.

ఎనిమిదో మెట్టు: ఆపే పేజీ

చరిత్రలో ఆపలేక నష్టపోయిన కవాతు ఒకటుంది. 1918 సెప్టెంబర్ 28న, స్పానిష్ ఫ్లూ అప్పటికే ఊళ్లోకి వచ్చిందని తెలిసీ, ఫిలడెల్ఫియా నగరం యుద్ధ బాండ్ల కోసం పెద్ద ఊరేగింపు జరిపింది. రెండు లక్షల మంది వీధుల్లో చేరారు. కొద్దిరోజుల్లోనే ఆసుపత్రులు నిండిపోయాయి, వేలమంది చనిపోయారు. ముందుగానే సభలు, సమావేశాలు ఆపేసిన సెయింట్ లూయిస్‌లో మరణాల ఉధృతి చాలా తక్కువగా ఉంది. ఫిలడెల్ఫియాలో డాక్టర్ల హెచ్చరికలు లేకపోలేదు. హెచ్చరిక వచ్చినా ఆగే నిర్ణయమే జరగలేదు.

మన లష్కర్, అంటే సికింద్రాబాద్, 2020లో అంతకంటే వివేకం చూపింది. కలరా నుంచి కాపాడమని 1813లో ఇక్కడి పటాలంలో డోలీ మోసే సురిటి అప్పయ్య ఉజ్జయినిలో మహంకాళికి మొక్కుకున్నాడని, అందుకే మహంకాళి బోనాలు మొదలయ్యాయని చెబుతారు. జబ్బు నుంచి రక్షణ కోరి పుట్టిన ఆ పండగనే 2020లో జనం తమ తమ ఇళ్లలో చేసుకున్నారు, గుడిలో పూజారులు మాత్రమే ఉన్నారు. బోనాల ఊరేగింపునే ఆపుకోగలిగిన ఊరు పిల్లల కవాతును ఆపలేదా?

నేను ప్రతిపాదించే ఆపే పేజీ ఇది. ఒక పిల్లవాడికి జ్వరం, దగ్గు, వాసన తెలియకపోవడం ఏది ఉన్నా అతను ఇంట్లో ఉండాలి, పరీక్ష చేయించాలి. పరీక్షలో పాజిటివ్ వస్తే ఆ స్క్వాడ్ మొత్తం ఆగాలి. ఎన్ని రోజులన్నది అప్పటి ప్రభుత్వ మార్గదర్శకం చెబుతుంది. రెండు వేర్వేరు స్క్వాడ్‌లలో ఒకే వారం కేసులు వస్తే దళమంతా ఆగాలి. వారం సగటు పాజిటివిటీ 5 శాతం దాటితే, ఉత్తర్వు రాకముందే ఆగాలి. గాంధీలో పడకలు నిండుతున్నాయని డాక్టర్ చెబితే అంకె కోసం కూడా చూడనక్కర్లేదు. ఆగాక మళ్లీ మొదలుపెట్టాలంటే రెండో మెట్టు నుంచి రావాలి.

ఈ పేజీ పనిచేయాలంటే పిల్లలు నిజం చెప్పాలి. రోజూ గేటు దగ్గర సారు అడగాల్సిన మాటలు రెండే: "ఏరా, రాత్రి ఒళ్లు వెచ్చబడిందా? ఇంట్లో ఎవరైనా దగ్గుతున్నారా?" దానికి "నానమ్మ దగ్గుతోంది సార్" అని పిల్లవాడు భయం లేకుండా చెప్పగలగాలి. ఎన్‌సీసీ 'ఏ' సర్టిఫికెట్ పరీక్ష రాయాలంటే 75 శాతం హాజరు కావాలి. రిపబ్లిక్ డే క్యాంపు ఎంపిక కోసం పిల్లలు ప్రాణం పెడతారు. ఒక్క పరేడ్ పోతే ఆ అవకాశం పోతుందనుకున్న పిల్లవాడు జ్వరం మాత్ర మింగి మరీ వస్తాడు. తప్పు అతనిది కాదు, హాజరు లెక్కది. అందుకే ఆపే పేజీలో చివరి వాక్యంగా ఇది ఉండాలి: ఒంట్లో బాగాలేదని చెప్పి ఆగిన రోజును హాజరుగానే కమిటీ తన రిజిస్టరులో రాస్తుంది, సర్టిఫికెట్ విషయంలో మినహాయింపు కోసం పైఅధికారులకు తానే లేఖ పంపుతుంది. ఏ ఎంపికలోనూ ఆ రోజు ఆ పిల్లవాడికి అడ్డు రాకూడదు.

మొదటి పరేడ్‌కు వారం ముందే ఈ పేజీని నోటీసు బోర్డు మీద అంటించండి, తల్లిదండ్రుల చేత చదివించండి, సీనియర్ క్యాడెట్ చేత దళం ముందు బిగ్గరగా చదివించండి. ఆగమన్నప్పుడు ఆగడం డ్రిల్‌లో పిల్లలు నేర్చుకునే మొదటి పాఠాల్లో ఒకటి. దాన్ని ముందుగా పెద్దలం పాటించి చూపాలి. అలా చూపగలమన్న నమ్మకం కమిటీలో అందరికీ కుదిరిన రోజే పిల్లల ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉన్నట్టు.